కాలిఫోర్నియా కాండర్లు తింటుండగా చూడాలంటే: ర్యాంచ్ కొండల్లో ఒక రోజుకు పూర్తి మార్గదర్శి

కాండర్ అనే పెద్ద రాబందు ఎగురుతుండగా చూసిన తెలుగువాళ్ళు కాలిఫోర్నియాలో ఇప్పుడు బాగానే ఉన్నారు. పినకిల్స్ నేషనల్ పార్కులో నడుస్తున్నప్పుడో, బిగ్ సర్ దారిలో కారు ఆపినప్పుడో నెత్తిమీదుగా సాగిపోయిన ఆ తొమ్మిదిన్నర అడుగుల రెక్కల్ని ఎవరూ మరచిపోరు. ఆ తర్వాత అందరూ నన్ను అడిగేది ఒకటే: అవి నేలమీద వాలి తింటుంటే ఎక్కడ చూడొచ్చు, ఎలా చూడాలి?

సూటిగా చెబుతాను. కాండర్ వాలిన చోటికి మనం వెళ్ళకూడదు. అది వాలబోయే చోటికి ఎదురుగా, దూరంగా, ముందే వెళ్ళి కూర్చోవాలి. కింద రాసినదంతా ఈ ఒక్క పని సరిగ్గా చేయడం కోసమే.

1987లో అడవిలో ఒక్క కాండర్ కూడా మిగలలేదు. ఉన్న 27 పక్షులూ జూల సంరక్షణలోనే ఉన్నాయి. ఇవాళ అన్నీ కలిపి 500 దాటాయి. ఇంత కష్టపడి వెనక్కి తెచ్చుకున్న పక్షిని ఒక ఫొటో కోసం తిండి మీద నుంచి లేపేయడం చిన్న తప్పు కాదు. అందుకే తయారీ గురించి ఎక్కువ రాస్తున్నాను.

1. బయల్దేరే ముందు: కాండర్ తిండి ఎలా వెతుక్కుంటుంది

ఇది తెలియకుండా వెళ్తే రోజంతా ఆకాశం చూసి మెడనొప్పితో తిరిగి వస్తారు.

కాండర్ చచ్చిన జంతువునే తింటుంది, వేటాడదు. దాని కాళ్ళు కోడికాళ్ళ వంటివి, డేగ గోళ్ళలా పట్టు ఉండదు. అందుకని మాంసాన్ని కాళ్ళతో పట్టుకుని మోసుకుపోలేదు, దొరికినచోటే తినాలి. చూడాలనుకునేవాళ్ళకు ఇదే అసలు ఆధారం: కళేబరం కదలదు, పక్షులే దాని దగ్గరికి వస్తాయి.

టర్కీ రాబందు వాసన పట్టి వస్తుంది. కాండర్‌కు ఆ ముక్కు లేదు, కళ్ళతోనే వెతుకుతుంది. అది నేలను ఎంత చూస్తుందో మిగతా పక్షుల్నీ అంతే చూస్తుంది. టర్కీ రాబందులు ఒకచోట గుండ్రంగా తిరుగుతూ దిగుతుంటే, రేవెన్లు (మన బొంతకాకి కన్నా పెద్ద కాకులు) గోల చేస్తుంటే, గోల్డెన్ ఈగల్ (పెద్ద గద్ద) నేలమీద కూర్చుని కదలకుండా ఉంటే, అక్కడేదో ఉందని దానికి అర్థమవుతుంది. మీరూ అదే పద్ధతిలో వెతకాలి.

పుట్టగానే చనిపోయిన దూడలు, చచ్చిన ఆవులు, జింకలు, ఎల్క్‌లు, అడవిపందులు, నేల ఉడుతలు, సముద్రతీరంలో సీ లయన్లు దాని ఆహారం. ర్యాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద భూమి) కొండలు దీనికి బాగా కలిసొస్తాయి. పశువులు ఎక్కువ, చెట్లు తక్కువ, గడ్డి పొట్టి, పైనుంచి చూస్తే అంతా కనిపిస్తుంది.

ఇంకొక్క సంగతి. ఒక్క పూటలో కిలోన్నర దాకా తినగలదు, ఆ తర్వాత రోజుల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. ఎనిమిది నుంచి పది కిలోల పక్షి, పైగా కడుపునిండా మాంసం. చదునైన నేలమీద నుంచి లేవాలంటే దానికి చాలా కష్టం. అందుకే ఏటవాలు గడ్డికొండ, ఎదురుగాలి ఉన్నచోట దిగడానికే ఇష్టపడుతుంది. కొండ మలుపు మీద ఉన్న కళేబరం దగ్గర ఎదురుచూడటం, లోయ అడుగున చెట్లమధ్య ఉన్నదాని దగ్గర ఎదురుచూడటం కన్నా మేలు.

2. చోటు ఎంచుకోవడం

ముందు పబ్లిక్ రోడ్డు మీద నుంచి కనిపించే చోట్లతో మొదలుపెట్టండి. ర్యాంచ్ లోపలికి వెళ్ళడం రెండో మెట్టు.

బే ఏరియా వాళ్ళకు: పినకిల్స్. శాన్ హోసే నుంచి హాలిస్టర్ మీదుగా 25వ హైవే పట్టుకుంటే తూర్పు ద్వారానికి గంటన్నర, రెండు గంటల దారి. తూర్పు ద్వారానికీ పడమటి ద్వారానికీ మధ్య కారు దారి లేదు. ఇది చూసుకోక తప్పు వైపు వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. క్యాంప్‌గ్రౌండ్ తూర్పు వైపే ఉంది. దానికి ఆగ్నేయంగా ఉన్న కొండ అంచున పొద్దున్నా సాయంత్రమూ కాండర్లు కనిపిస్తుంటాయి. పార్కు లోపల పడుకోవడం, ఎగరడం చూస్తారు. తిండి వెతుక్కోవడం మాత్రం ఎక్కువగా పార్కు చుట్టూ ఉన్న శాన్ బెనిటో కౌంటీ పశువుల కొండల్లో. 25వ హైవే పక్కన కారు సురక్షితంగా ఆపగలిగే వెడల్పాటి చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి.

లాస్ ఏంజలెస్, బేకర్స్‌ఫీల్డ్ వాళ్ళకు: బిటర్ క్రీక్ పరిసరాలు. బిటర్ క్రీక్ వన్యప్రాణి ఆశ్రయం లోపలికి ప్రజలకు ప్రవేశం లేదు. అయితే 166వ హైవే నుంచి పైన్ మౌంటెన్ క్లబ్ వైపు ఎక్కే సెర్రో నొరోయెస్టె రోడ్డు ఆ గడ్డికొండల మీదుగానే పోతుంది. ఈ పని కోసం నాకు అన్నిటికన్నా నచ్చిన రోడ్డు ఇదే. రెండువైపులా చూపు మైళ్ళదాకా సాగుతుంది, వాహనాలు తక్కువ. హాపర్ మౌంటెన్ ఆశ్రయం కూడా మూసే ఉంటుంది. అక్కడ గేటు దగ్గర తచ్చాడటం వల్ల లాభం లేదు.

బిటర్ క్రీక్ కు తూర్పున 2,70,000 ఎకరాల తెహోన్ ర్యాంచ్ ఉంది. అది ప్రైవేటు భూమి. తెహోన్ ర్యాంచ్ కన్సర్వెన్సీ వాళ్ళు నడిపే సందర్శనల్లో చేరడమే సరైన దారి. విండ్ వుల్వ్స్ ప్రిజర్వ్‌లో నడకదారులున్నాయి, వెళ్ళేముందు తెరిచివుంచే రోజులు చూసుకోండి.

అరిజోనా వాళ్ళకు: 89ఏ హైవే నుంచి హౌస్ రాక్ వ్యాలీ రోడ్డులో కాస్త లోపలికి వెళ్తే వెర్మిలియన్ క్లిఫ్స్ కింద కాండర్ వ్యూయింగ్ సైటు వస్తుంది. చుట్టూ పశువులు మేసే ప్రభుత్వ భూమి. సెప్టెంబరు చివర్లో కొత్త పక్షుల్ని వదిలే రోజున జనం అక్కడ చేరతారు.

బిగ్ సర్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ కాండర్లు బాగా కనిపిస్తాయి గానీ 1వ హైవే ఇరుకు, కార్లు ఎక్కువ, సీ లయన్ కళేబరాలు కొండ అడుగున పడివుంటాయి.

3. ఏ కాలం, ఏ పూట

కాండర్ పొద్దున్నే లేచే పక్షి కాదు. నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేవడం మొదలయ్యాకే రెక్కలు విప్పుతుంది. ఎండాకాలంలో తొమ్మిది, పది గంటలకు, చలికాలంలో ఇంకా ఆలస్యంగా. అప్పటిదాకా ఎండిన చెట్టు కొమ్మ మీదో కొండ అంచునో రెక్కలు చాచి ఎండ కాగుతుంది.

మనం మాత్రం పొద్దున్నే చేరాలి. రెండు కారణాలు. ఒకటి, అవి లేవక ముందే మనం కుదురుకుంటే మన కదలిక వాటికి అలజడి కాదు. రెండోది, పదకొండు దాటాక ఎండకు గాలి అలలు అలలుగా కదిలి, స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శిని అయిన స్పాటింగ్ స్కోప్‌లో బొమ్మ నీళ్ళలో చూసినట్టు ఊగుతుంది. పక్షి రెక్కకు తగిలించిన ట్యాగు మీది నంబరు చదవాలంటే పొద్దుటి పూటే నయం.

కాలం విషయానికొస్తే, కాలిఫోర్నియా కొండల్లో చాలా ర్యాంచుల్లో ఆవులు ఈనేది శరదృతువులో. ఈనే రోజుల్లో చచ్చిపుట్టిన దూడలు, మావి పడివుంటాయి. అదే రోజులకు అటూ ఇటూ జింకల వేట కూడా జరుగుతుంది. వేటగాళ్ళు వదిలేసిన పేగులు, అవయవాల కోసం కాండర్లు తిరుగుతాయి. అందుకని సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాకు నచ్చిన కాలం. గాలి లేని మబ్బు రోజు వెళ్ళకండి. పక్షి లేవదు.

4. సామాను

ఖరీదైన కెమెరా కన్నా మంచి స్పాటింగ్ స్కోప్ ముఖ్యం. నిజంగా తినే తీరు చూపించేది అదే.

- 8x42 లేదా 10x42 బైనాక్యులర్ (ఆకాశం వెతకడానికి)
- 20-60 రెట్ల స్పాటింగ్ స్కోప్, బరువైన ట్రైపాడ్ (గాలికి ఊగే తేలిక ట్రైపాడ్ ఉన్నా లేనట్టే)
- ఫోల్డింగ్ కుర్చీ, మట్టిరంగు బట్టలు, అంచున్న టోపీ
- మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు
- చప్పుడు చేయని, రేపరు లేని తిండి. మాకు పులిహోర డబ్బా సరిపోతుంది
- ఫోన్లో ముందే దింపుకున్న మ్యాపు (చాలాచోట్ల సిగ్నల్ ఉండదు)
- నోటుబుక్కు, పెన్సిలు
- మూతున్న చెత్త డబ్బా

ఈ చివరి వస్తువు లాంఛనం కాదు. సీసా మూతలు, గాజు ముక్కలు, తీగ ముక్కలు, ప్లాస్టిక్ తునకలు కాండర్లు ఏరుకుని గూటికి తీసుకెళ్ళి పిల్లకు తినిపిస్తాయి. పిల్ల కడుపులో అవి అడ్డుపడి చనిపోయిన సందర్భాలున్నాయి. మీ చెత్తతోపాటు, మీరు ఆగినచోట అంతకుముందు ఎవరో పడేసిన మూతలు కూడా ఏరి తీసుకెళ్ళండి.

5. ర్యాంచ్ యజమానిని అడగడం

చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి కంచె దాటేస్తారు. కంచె దాటడం నేరం. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఆ ఒక్కరి వల్ల ఆ ర్యాంచ్ తలుపు మిగతా అందరికీ మూసుకుపోతుంది.

ముందుగా వాళ్ళ భయాలు అర్థం చేసుకోండి. అంతరించిపోతున్న పక్షి తమ భూమిలో ఉందని తెలిస్తే ప్రభుత్వం ఏ ఆంక్ష పెడుతుందో అని ఒక భయం. కొత్తవాళ్ళు గేటు తెరిచి వదిలేస్తే పశువులు రోడ్డెక్కుతాయని ఇంకొకటి. ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు తమ మీదికి వస్తుందని మరొకటి. ఇవన్నీ న్యాయమైన భయాలే. పల్లెలో పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అడిగే తీరు ఇలా ఉంటే మంచిది:

- ముందుగా పరిచయం. కౌంటీ ఫెయిర్‌లోనో, ఊళ్ళో మేత అమ్మే దుకాణంలోనో, పార్కు వాళ్ళ ద్వారానో.
- "మీరు చచ్చిన పశువుల్ని వేసే చోటికి దూరంగా, మీరు చెప్పిన చోట, మీరు చెప్పిన గంటలు మాత్రమే కూర్చుంటాం" అని మొదటి మాటలోనే చెప్పండి.
- ఎంతమంది, ఏ కారు, ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోతారు, రాసివ్వండి.
- ఫొటోలు పెడితే ర్యాంచ్ పేరు, చోటు రానివ్వమని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.
- కాండర్లకు విషమయ్యే సీసం తూటాల గురించి (ఆ సంగతి 11లో ఉంది) ఉపన్యాసం ఇవ్వకండి. అడిగితే చెప్పండి. కాండర్ల కోసం పనిచేసే వెంటానా వైల్డ్‌లైఫ్ సొసైటీ ర్యాంచర్లకూ వేటగాళ్ళకూ సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తోందన్న సమాచారం మాత్రం చాలామందికి ఉపయోగపడుతుంది.

అనుమతి దొరికాక ఒక్క నియమం: గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. "మూస్తే మంచిదే కదా" అనుకుని తెరిచిన గేటు మూస్తే ఆవులు నీళ్ళతొట్టికి దూరమైపోవచ్చు. కుక్కను తీసుకెళ్ళొద్దు. దూడ ఉన్న ఆవుకూ దాని దూడకూ మధ్యకు పోవద్దు.

6. ఆ రోజు చేయవలసిన పని, వరుసగా

1) తెల్లవారాక, కళేబరం ఉన్న కొండకు ఎదురు కొండ మీద లేదా రోడ్డు పక్కన ఆగండి. సూర్యుడు వీపు వెనక ఉండాలి. దూరం విషయంలో నేను పావు మైలు (400 మీటర్లు) కన్నా దగ్గరగా ఎప్పుడూ కూర్చోను. స్కోప్‌కు ఆ దూరం చాలు.

2) ఎండుగడ్డి మీద కారు ఆపొద్దు. మే నుంచి అక్టోబరు దాకా ఈ కొండలు అగ్గిపెట్టెలు. కారు అడుగున కాలుతున్న గొట్టం తగిలి మంట లేస్తుంది. కంకర లేదా మట్టి ఉన్నచోటే ఆపండి.

3) వీలైతే కారులోనే ఉండండి. ఆగిన కారును పక్షులు అంతగా పట్టించుకోవు, నిలబడ్డ మనిషిని పట్టించుకుంటాయి. కిందికి దిగితే తలుపు మెల్లగా వేయండి, కారు నీడలోనే కూర్చోండి, కొండ శిఖరం మీద ఆకాశానికి ఎదురుగా నిలబడొద్దు.

4) కళేబరం ఎక్కడుందో తెలియకపోతే, ముందు అరగంట కేవలం కాకుల్ని చూడండి. రేవెన్లు ఎటు పోతున్నాయి, ఎక్కడ దిగి లేవడం లేదు? అక్కడికి స్కోప్ తిప్పండి.

5) టర్కీ రాబందులు గుమిగూడాక ఆకాశం పైభాగం వెతకడం మొదలుపెట్టండి. కాండర్ అందరికన్నా ఎత్తులో, తొందర లేకుండా తిరుగుతుంది.

6) అది దిగాక కూడా వెంటనే తింటుందని అనుకోకండి. ముందు దగ్గరి చెట్టు మీదో బండ మీదో కూర్చుని చుట్టూ చూస్తుంది. గంటలు పట్టొచ్చు. ఒక్కోసారి ఆ రోజు రానే రాదు. ఈ సమయంలోనే జనం విసిగి లేచి నడవడం మొదలుపెడతారు, పక్షి వెళ్ళిపోతుంది.

7) కాండర్లు తిని ముగించి, తల తుడుచుకుని, తమంతట తాముగా ఎగిరిపోయాకే మీరు కదలండి.

7. కాండర్ అవునా కాదా

తెలుపు ఎక్కడుందో చూడండి. రెక్క కింద ముందు అంచున తెల్లని ముక్కోణం ఉంటే పెద్ద కాండర్. వెనక అంచు ఈకలు వెండిరంగులో ఉంటే టర్కీ రాబందు. ఈ ఒక్క గుర్తుతో సగం తప్పులు పోతాయి.

ఎగిరే తీరు రెండో గుర్తు. టర్కీ రాబందు రెక్కలు పైకి ఎత్తి, అటూ ఇటూ ఊగుతూ పోతుంది. కాండర్ ఊగదు. చిన్న విమానం అనుకుని చాలామంది చూపు తిప్పేసుకుంటారు. రెక్క చివర వేళ్ళలా విడివిడిగా విచ్చుకున్న ఈకలు పొడుగ్గా కనిపిస్తాయి.

పెద్ద పక్షి తల నారింజ, గులాబీ కలిసిన రంగు. పిల్లకు తల నల్లగా ఉంటుంది, రెక్క కింద తెలుపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఐదారేళ్ళకు గానీ పూర్తి రంగులు రావు. నల్ల తల చూసి "ఇది వేరే పక్షి" అనుకోకండి.

చాలా పక్షుల రెక్కల మీద రంగు ట్యాగు, దాని మీద నంబరు ఉంటాయి. రంగూ నంబరూ రెండూ రాసుకోండి. మధ్య కాలిఫోర్నియా పక్షుల నంబరును కాండర్‌స్పాటర్ వెబ్‌సైటులో వెతికితే అది ఎప్పుడు పుట్టింది, ఆడదా మగదా తెలుస్తుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఈ పని వాళ్ళకు అప్పగించండి. పేరున్న మనిషిని చూసినట్టు చూస్తారు.

8. కళేబరం దగ్గర ఏం చూడాలి

ఇంతదూరం వచ్చింది దీనికోసమే గనక ఇక్కడ నిదానించండి.

మొదట కాకులు. కళ్ళు, నాలుక లాంటి మెత్తని చోట్ల పని మొదలుపెడతాయి. తర్వాత టర్కీ రాబందులు. పెద్ద ఆవు అయితే తోలు దళసరి. కయోటీలో (నక్కలాంటి జంతువులు), గోల్డెన్ ఈగల్ పక్షులో చీలిస్తే తప్ప అందరికీ దారి దొరకదు. అందుకని కొత్తగా చచ్చిన పెద్ద ఆవు కన్నా చిన్న దూడ దగ్గర కాండర్లు తొందరగా దిగుతాయి.

కాండర్ నేలమీద నడిచి వస్తుంది. మెడ చుట్టూ ఉన్న నల్లని ఈకల కాలరు విప్పారుతుంది, తల రంగు ముదురుతుంది. దానికి గొంతులో స్వరపేటిక లేదు, కాబట్టి అరుపు వినపడదు. బుసలు, గురగురలే. పెద్దది వస్తే చిన్నవి తప్పుకుంటాయి. టర్కీ రాబందులు, కాకులు పక్కకు జరుగుతాయి. గోల్డెన్ ఈగల్ మాత్రం తనకన్నా రెట్టింపు బరువున్న కాండర్‌ను కూడా చాలాసార్లు వెనక్కి తోసేస్తుంది. గోళ్ళ బలం అది.

వరుసను గమనించండి: ఎవరు ముందు తిన్నారు, ఎవరు ఆగారు, ఎవరి మీద ఎవరు దూకారు. రెండు మూడుసార్లు చూస్తే ఆ గుంపులో ఎవరి మాట చెల్లుతుందో మీకే తెలుస్తుంది. పిల్లలు అంచున నిలబడి ఎదురుచూడటం, పెద్దది తల తిప్పగానే ఒక ముక్క లాక్కోవడం, పంక్తి భోజనాల్లో రెండో విడత కోసం నిలబడ్డ మన పిల్లల్ని గుర్తుకు తెస్తుంది నాకు.

తల మొత్తం లోపలికి పెట్టి తినే పక్షి గనక తలమీద ఈకలు లేవు. తిన్నాక ఛాతీ పైన మేతసంచి గుమ్మడిపిందెలా ఉబ్బి కనిపిస్తుంది. అప్పుడు గడ్డికి, రాయికి తల అటూ ఇటూ రుద్ది తుడుచుకుంటుంది. నీళ్ళు దగ్గరుంటే స్నానం చేస్తుంది. మురికి తినే పక్షి అని ముక్కు మూసుకునేవాళ్ళకు ఈ భాగం తప్పక చూపించండి. ఇంత శుభ్రత పాటించే పక్షులు తక్కువ.

9. పక్షి ఇబ్బంది పడుతోందని చెప్పే గుర్తులు

- తినడం ఆపి అన్నీ ఒకేసారి మెడలు ఎత్తడం
- ఒకే దిక్కుకు (మీ వైపు) చూడటం
- కళేబరం వదిలి నడుచుకుంటూ దూరం జరగడం
- రెక్కలు సగం విప్పి వాలు అంచున నిలబడటం

వీటిలో ఏది కనిపించినా కదలకండి, మాట్లాడకండి. రెండు నిమిషాల్లో తల దించకపోతే వంగి మెల్లగా వెనక్కి తప్పుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ పక్షిని వేధించడం నేరం. చట్టం లేకపోయినా, నాలుగు రోజుల తర్వాత దొరికిన భోజనం అది.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాట్లు

"ఇంకాస్త దగ్గరికి" వెళ్ళడం. మొదట్లో నేనూ చేశాను. దూడ మీద మూడు కాండర్లు ఉంటే, కారు దిగి కంచె దాకా నడిచాను. కంచె దాటలేదు, కానీ ఆ ముప్ఫై అడుగులే ఎక్కువయ్యాయి. మూడూ లేచిపోయాయి, చీకటి పడేదాకా తిరిగి రాలేదు. ఆ దూడను ఆ రాత్రి కయోటీలు తిన్నాయి. దిద్దుబాటు: దగ్గరికి వెళ్ళాలనిపించినప్పుడు స్కోప్ జూమ్ పెంచండి, కాళ్ళు కదపకండి.

తామే మాంసం పెట్టడం. ఎంత మంచి ఉద్దేశంతోనైనా వద్దు. మందు ఇంజెక్షన్‌తో చంపిన పశువు శరీరంలో ఆ మందు (పెంటోబార్బిటాల్) నిలిచి ఉంటుంది, తిన్న పక్షి చనిపోతుంది. తూటాతో చంపినదైతే సీసం ముక్కలు ఉండొచ్చు. సంరక్షణ బృందాలు పెట్టే మేత పరీక్షించినది, చోటు ఆలోచించి పెట్టినది.

డ్రోన్ ఎగరేయడం. నేషనల్ పార్కుల్లో నిషేధం. బయటైనా ఈ పక్షుల మీద వద్దేవద్దు.

ఫొటోతో పాటు చోటు పెట్టేయడం. మర్నాటికి పది కార్లు వస్తాయి. కౌంటీ పేరు చాలు.

ఆకాశాన్నే చూస్తూ ఉండటం. అరగంటకొకసారి కొండ అంచుల్ని, ఎండుచెట్ల కొమ్మల్ని స్కోప్‌తో ఎడమ నుంచి కుడికి దువ్వండి. కూర్చున్న కాండర్ దూరం నుంచి నల్లబండలా ఉంటుంది.

ఒంటి జాగ్రత్త మరవడం. గడ్డిలో రాటిల్ పాములుంటాయి, బూట్లు వేసుకోండి. కెర్న్ కౌంటీ దుమ్ములో వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు కలిగించే బూజు ఉంటుంది, దుమ్ము లేచే గాలిరోజుల్లో మాస్కు పెట్టుకోండి లేదా వెళ్ళడం మానండి.

11. సీసం సంగతి, జబ్బు పక్షి కనిపిస్తే

అడవిలో కాండర్ల చావుకు మొదటి కారణం సీసం విషం. తూటా జంతువులో తగిలి సన్నని తునకలుగా చెదురుతుంది. వేటగాడు మాంసం తీసుకుని పేగులు వదిలేస్తాడు, కాండర్ వాటితోపాటు తునకల్ని మింగుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధం. కానీ చట్టం వచ్చినంత మాత్రాన కొండల్లో ఉన్న సీసం పోలేదు.

మన తెలుగువాళ్ళకు ఈ కథ కొత్తది కాదు. పశువుకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ కళేబరం ద్వారా రాబందుల కిడ్నీలను పాడుచేసి, మన దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టాయని తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుందా? అక్కడ మందు, ఇక్కడ తూటా. రెండుచోట్లా విషం పశువు ఒంట్లోంచే వస్తోంది.

కాబట్టి చూడటానికి వెళ్ళినవాళ్ళం వాటి ఆరోగ్యానికి కాపలా కూడా కావచ్చు. ఈ లక్షణాలు కనిపిస్తే జాగ్రత్తపడండి:

- తల, రెక్కలు వేలాడేసి ఒకేచోట చాలాసేపు కూర్చోవడం
- మేతసంచి ఉబ్బే ఉండి, గంటలు గడిచినా తగ్గకపోవడం
- మిగతావి ఎగిరినా తను ఎగరలేకపోవడం, కాళ్ళు నిలబడకపోవడం

దగ్గరికి పోకండి, ముట్టుకోకండి, నీళ్ళు పెట్టకండి. 2023లో బర్డ్ ఫ్లూ అరిజోనా, ఉటా గుంపును దెబ్బకొట్టి 21 పక్షుల్ని పొట్టన పెట్టుకుంది. ముట్టుకోవడం మీకూ, మిగతా పక్షులకూ ప్రమాదం. పార్కులో ఉంటే రేంజరుకు, బయట ఉంటే యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసుకు ఫోన్ చేయండి. చెప్పవలసినవి: ట్యాగు రంగు, నంబరు, చోటు, సమయం, ఎంతసేపుగా అలా ఉంది. ర్యాంచ్ లోపలైతే ముందు యజమానికి చెప్పండి.

12. నోటుబుక్కులో రాసుకోవలసినవి

- తేదీ, చేరిన గంట, గాలి దిక్కు, ఎండా మబ్బా
- ఏ జంతువు కళేబరం (దూడ, ఆవు, జింక)
- ఎవరు ఎన్నింటికి వచ్చారు: కాకి, టర్కీ రాబందు, ఈగల్, కాండర్
- ట్యాగులు, పిల్లా పెద్దా
- ఎన్ని నిమిషాలు తిన్నాయి, ఎందుకు ఆపాయి
- ఎటు ఎగిరిపోయాయి

ఇంటికి రాగానే ర్యాంచ్ యజమానికి ఆ పేజీ ఫొటో తీసి పంపండి, ఒక థాంక్యూ మాటతో. తన కొండ మీద ఏయే నంబర్లు దిగాయో ఆయనకూ తెలియాలి. నాకు రెండోసారి పిలుపు వచ్చింది ఆ పేజీ వల్లే. "నిన్న ఒక దూడ పోయింది, వస్తారా?" అని ఆయనే ఫోన్ చేశారు.